శాంత పట్టు కోసం సూరత్ దాకా

పోయిన నెల మా కేంద్రానికి సూరత్ నుంచి ఒక నివేదిక వచ్చింది. నున్నటి కాగితం, రంగుల ఫొటోలు, ఇరవై నాలుగు పేజీలు. పదకొండో పేజీలో నేనున్నాను. ఎడమ చేతికి కట్టు, కుడి చేతిలో ఎవరో పెట్టిన పూలగుత్తి. కింద "శిక్షణతో సంతృప్తి చెందిన ఒక సంరక్షకురాలు" అని రాశారు. ఆ కట్టు ఎందుకు పడిందో ఇరవై నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. సుజాత పేరు లేదు. ఆమె తల్లి నర్సవ్వ పేరు అసలే లేదు. ఆ నివేదిక ప్రతి ఒకటి మా జగిత్యాల గ్రంథాలయానికి ఇస్తానంటున్నాడు మా మేనేజరు. ఆ గ్రంథాలయంలో ఏ బీరువాలో ఏ పుస్తకం ఉందో నేను కళ్ళు మూసుకొని చెప్పగలను. అక్కడికి ఆ నివేదిక ఒక్కటే పోయి కూర్చుంటే నేను ఊరుకోలేను. దాని పక్కన పెట్టడానికి ఇది రాస్తున్నాను.

నేను బడిలో చదివింది ఏడో తరగతి. మిగిలిన చదువంతా ఆ గ్రంథాలయం బల్ల మీదే. ఆటిజం ఉన్న పెద్దవాళ్ళు పగటిపూట ఉండే ఒక చిన్న కేంద్రంలో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. ఆటిజం గురించి తెలుగులో దొరికిన నాలుగు పుస్తకాలు, హిందీలో రెండు, నిఘంటువు పక్కన పెట్టుకొని ఇంగ్లీషులో ఒకటి చదివాను. మా దగ్గర కొట్టేవాళ్ళున్నారు, కొరికేవాళ్ళున్నారు, తల గోడకేసి బాదుకునేవాళ్ళున్నారు. అలాంటివాళ్ళతో ఎలా మెలగాలో సూరత్‌లో ఐదు రోజులు నేర్పుతారని కబురు రాగానే, "చదువుకున్నదానివి, నువ్వే పో" అన్నాడు మేనేజరు. ఆ మాటకు పొంగిపోయి, బయల్దేరేముందు పది రోజులు కూర్చుని గుజరాతీ అక్షరాలు కూడా నేర్చుకున్నాను.

లింబాయత్‌లో దిగడం

మా చిన్నాయన బిడ్డ సరోజ పెళ్ళయినప్పటి నుంచి సూరత్‌లో మనవాళ్ళు ఎక్కువగా ఉండే లింబాయత్ పేటలోనే ఉంటోంది. భర్త లక్ష్మీరాజం సాంచాల మీద పని. మన సిరిసిల్లలో లాగే మరమగ్గాన్ని అక్కడి మనవాళ్ళూ సాంచా అనే అంటారు. గల్లీలోకి అడుగుపెట్టగానే కాళ్ళ కింద నేల అదురుతున్నట్టనిపించింది. సరోజ గది గోడకు అవతల కార్ఖానా. అరలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగకుండా కింద పాత చీర ముక్క మడిచి వేసింది.

"ఏందక్కా గిట్ల చిక్కిపోయినవ్? ఆ గ్రంథాలయంల అన్నం పెడ్తలేరా?" అంది.

పప్పు తియ్యగా ఉంది. మొహమాటానికి తిన్నాను కానీ మొహం దాచలేకపోయాను.

"బెల్లమేసిన. పద్దెనిమిదేండ్లాయె ఈడికచ్చి. ఇప్పుడు బెల్లం లేకుంటే మీ మరిదికి ముద్ద దిగదు" అంది సరోజ. లక్ష్మీరాజం తల ఎత్తకుండా, "పప్పుల బెల్లం తప్పా? మీ ఊర్ల చాయ్‌ల బెల్లం ఏస్తలేరా?" అన్నాడు. ఇంకో ముద్ద కలుపుకున్నాను.

మొదటి రోజు: చల్లటి హాలు

శిక్షణ జరిగే కేంద్రం బార్డోలీ వెళ్ళే రోడ్డు వైపు ఉంది. మూడంతస్తుల భవనం. ఆటిజం ఉన్నవాళ్ళు కింది అంతస్తులో. వాళ్ళ గురించి నేర్చుకోవడానికి వచ్చిన మేము ఇరవై మందిమి పై అంతస్తులో, ఏసీ హాలులో, మెడలో పేరు బిళ్ళలతో.

శిక్షకుడు ముంబై నుంచి వచ్చాడు. తెల్ల బూట్లు, చెవికి తగిలించిన మైకు. హిందీలో మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగించేవాడు. తెర మీద ఒక కొండ బొమ్మ వేసి, కోపం ఇలా ఎక్కుతుంది, ఇలా దిగుతుంది అని గంటన్నర చెప్పాడు. తొమ్మిదేళ్ళలో నేను చూసిన ఏ మనిషి కోపమూ అంత నున్నగా ఎక్కలేదు, దిగలేదు. తర్వాత "మూడు పిలుపుల సూత్రం". మనిషిని పేరు పెట్టి మూడుసార్లు స్పష్టంగా పిలవాలి. పలక్కపోతే ఇద్దరు వెనకనుంచి వచ్చి రెండు భుజాలు, రెండు మణికట్లు పట్టుకోవాలి. దీనికి ఆయన పెట్టిన పేరు శాంత పట్టు. ఎవరికి శాంతమో ఆయన చెప్పలేదు.

పట్టు సాధన చేయడానికి ఆటిజం ఉన్న మనిషి వేషం ఎవరో వేయాలి కదా. లెక్కలు రాసే గుమాస్తా ఒకాయన ఒప్పుకున్నాడు. రెండుసార్లు చేతులు ఊపి, గౌరవంగా అరిచి, "ఇంత చాలా సర్?" అని అడిగాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను చెయ్యెత్తి, "కింద ఉన్నవాళ్ళను ఎప్పుడు కలుస్తాం?" అన్నాను.

"నాలుగో రోజు. మీరు సిద్ధమయ్యాక" అన్నాడు శిక్షకుడు.

"వాళ్ళు సిద్ధంగా ఉన్నారా అని ఎవరు అడుగుతారు?" అన్నాను. మైకులో నవ్వాడు. తెర మీద తర్వాతి బొమ్మ వేశాడు. మధ్యాహ్నం భోజనంలో మూడు రకాల స్వీట్లు పెట్టారు. గుజరాత్‌లో నాకు నచ్చిన సంగతి ఒకటి చెప్పాలి. ఎంత పెద్ద ఉద్యోగి అయినా ఆడమనిషిని పేరు చివర "బెన్" చేర్చి అక్కలా పిలుస్తారు. మన దగ్గర కుర్చీ దొరికిన ప్రతివాళ్ళూ మేడమే. కేంద్రం నడిపే హేతల్‌బెన్ కూడా అందరికీ బెన్నే. నోటీసు ఇచ్చేటప్పుడు కూడా.

రెండో రోజు: నీళ్ళ కుళాయి దగ్గర

ఉదయం తెర మీద సుజాత ఫైలు చూపించారు. ఇరవై నాలుగేళ్ళు. మాట లేదు. కొరుకుతుంది. "అర్థంలేని చేతి కదలికలు ఎక్కువ. అవి మొదలుకాగానే చేతిని మృదువుగా కిందికి దించాలి" అని రాసి ఉంది. తల్లి మన తెలుగు మనిషి అని తెలియగానే నాకు మనసు ఆగలేదు. నాలుగో రోజు దాకా ఎందుకని, భోజనాల వేళ ఒక్కదాన్నే కిందికి దిగాను.

సుజాత పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని ప్లాస్టిక్ మగ్గులు వరుసగా పేరుస్తోంది. అన్ని పిడులూ ఒకే వైపుకు. నేను చదివిన పుస్తకాల్లో, గొంతు తగ్గించి మాట్లాడాలి, ఎదురుగా మీదికి వెళ్ళకుండా పక్కనుంచి వెళ్ళాలి అని ఉంది. అలాగే పక్కనుంచి వెళ్ళి, "సుజాతా" అని మూడుసార్లు మెల్లగా పిలిచాను. ఆమె నావైపు చూడకుండా కుడి అరచెయ్యి పైకెత్తింది. అయిదు వేళ్ళూ విడదీసి, గట్టిగా నిలబెట్టి.

పొద్దున తెర మీద చదివింది గుర్తొచ్చింది. ఆ చేతిని మృదువుగా పట్టుకొని కిందికి దించాను.

ఆమె నా ముంజేతిని కొరికింది. విడిపించుకోవడానికి చాలాసేపు పట్టింది. అక్కడి పాత ఆయా జ్యోతిబెన్ పరుగెత్తుకొచ్చి, నన్ను కాదు, ముందు సుజాతను చూసింది. ఆ తర్వాత హేతల్‌బెన్ ఫైలుతో వచ్చింది.

"ఇది మూడోసారి. రెండోసారికే తల్లికి కాగితం ఇచ్చాం, ఇంకొకరికి గాయమైతే పంపించేస్తామని. శుక్రవారం ట్రస్టీల సమావేశంలో తేలుతుంది" అంది.

"తప్పు నాది. పిలవకుండా వచ్చింది నేను" అన్నాను.

"ఫారంలో ఆ గడి లేదు" అంది హేతల్‌బెన్. వెటకారం కాదు. నిజంగానే లేదు. ఎవరు కొరికారు, ఎక్కడ, ఎంత లోతు అనే మూడు గడులే ఉన్నాయి.

సాయంత్రం నాలుగింటికి గేటు బయట మెట్ల మీద సుజాత తల్లి నర్సవ్వ కూర్చుని ఉంది. తల్లులను లోపలికి రానివ్వరట, పిల్లలు గొడవ చేస్తారని. అక్కడ ఇరవై నాలుగేళ్ళవాళ్ళను కూడా పిల్లలే అంటారు. నా కట్టు చూసి ఆమెకు అర్థమైపోయింది.

"నిన్నేనా అక్కా కరిసింది? ఏమనుకోకు."

"మళ్ళీ ఇంట్లోనే ఉంచుకోవాల్సి వస్తే ఎట్ల?" అని అడిగాను.

నర్సవ్వ దాచకుండా చెప్పింది. "ముందట గట్లనే ఉంటుండె. నేను సాంచాలకు నూలు కండెలు చుట్ట పోతే మంచం కోడుకు చీరెతోటి కట్టేసి పోతుంటి. కార్ఖానల సేఠ్ రానియ్యడు, మిషిని పట్టాల చెయ్యి వెడ్తదని. ఆయిన లేడాయె. నేను పోకుంటే పూట ఎల్లది. ఈ సెంటర్ దొరికినంక రెండేండ్ల సంది కట్టలేదు. మల్ల కట్టుడేనా అక్కా?"

 ఆమె బిడ్డను మళ్ళీ మంచానికి కట్టేలా చేయబోతున్నది ఆ శిక్షకుడు కాదు, నేను.

మూడో రోజు: ఉన్, ఆ తర్వాత కార్ఖానా

పొద్దున షేర్ ఆటో ఎక్కాను. బోర్డు మీద గుజరాతీ అక్షరాలు నేనే చదువుకున్నాను, గర్వంగా. ఇరవై రూపాయలు ఇచ్చాను. అరగంట తర్వాత చూస్తే ఊరి చివర, సచిన్ అనే పేట దగ్గరి ఉన్‌లో ఉన్నాను. కేంద్రం ఎటో, నేను ఎటో. టీ బండి దగ్గర మెట్‌పల్లి నుంచి వచ్చిన ఒక మిల్లు కార్మికుడు నా అవస్థ విని నవ్వాడు. "బోర్డు నిరుడుదమ్మా. ఆటో ఈయేడుది. ఈడ బోర్డు సదివి ఎక్కరు, డ్రైవర్‌ను అడిగి ఎక్కుతరు." పది రూపాయల చాయ్ డబ్బులు కూడా తనే ఇచ్చాడు. లోచో అనే ఉడికించిన శనగపిండి ముద్ద, నూనె, సేవ్ అనే సన్న కారప్పూస చల్లి, యాభై రూపాయలకు తిన్నాను. చెంచాతో తీస్తే జారిపోతుంది, వేళ్ళతో తీస్తే అంటుకుంటుంది. కానీ సూరత్‌లో తిన్నవాటిలో అదే మేలు.

ఆలస్యంగా వెళ్ళినందుకు శిక్షకుడు నన్ను నిలబెట్టి, "క్రమశిక్షణ సిబ్బందితోనే మొదలవ్వాలి" అన్నాడు. ఆ రోజు ఆయనే నలభై నిమిషాలు ఆలస్యంగా మొదలుపెట్టాడు, తెర పనిచేయక.

సాయంత్రం నర్సవ్వ నన్ను తన కార్ఖానాకు తీసుకెళ్ళింది. సుజాతను ఒక్క గంటకని పక్కింటావిడ దగ్గర వదిలింది. కట్టు మార్చి పసుపు పెడతానని పిలిచింది కానీ, పగలు చుట్టిన కండెల లెక్క చెప్పాలని నన్నూ లోపలికి లాక్కెళ్ళింది.

లోపల నా దగ్గు నాకే వినపడలేదు. వరుసగా సాంచాలు, మధ్యలో మనిషి ఒక్కడు పట్టేంత దారి. కాసేపటికి ఒక సంగతి గమనించాను. అక్కడ ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవడం లేదు. పిలిచినా వినపడదు. ఒకతను ఇంకొకతనితో మాట్లాడాలంటే చుట్టూ తిరిగి అతని ముందుకు వచ్చి, మొహం కనపడేలా నిలబడుతున్నాడు. బొటనవేలు నోటి దగ్గర పెడితే నీళ్ళు. రెండు వేళ్ళు కలిపి తిప్పితే ఇంకేదో.

ఇంతలో ఒక సాంచా దగ్గర దారం తెగింది. అక్కడి మనిషి లోపల చెయ్యి పెడుతూ, రెండో అరచెయ్యి పైకెత్తాడు. అయిదు వేళ్ళూ విడదీసి, గట్టిగా నిలబెట్టి. నూనె డబ్బాతో వస్తున్న ఒకడు ఎక్కడివాడక్కడ ఆగిపోయాడు. స్విచ్చు దగ్గర ఉన్నవాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ అరచెయ్యి దిగేదాకా ఆ దారిలో ఎవరూ కదల్లేదు.

నర్సవ్వను బయటికి లాక్కొచ్చాను. "ఆ చెయ్యి ఏంది?"

"ఆగుమని. దారం తెగింది, నా చెయ్యి లోపట ఉన్నది, ఎవ్వలు ఏం ముట్టద్దని. ఆ చెయ్యి దిగేదాంక సేఠ్ అచ్చినా ఆగాల్సిందే. ముట్టుకుంటే చెయ్యి పాయె."

"సుజాతకు తెలుసా?"

"తెల్వకేంది? కూసునుడు నేర్సినప్పటి సంది నా కాళ్ళకాడనే పెరిగింది, సేఠ్ వద్దనేదాంక. నోట్ల మాట లేకున్నా చేతుల మాట అంత అస్తది. నీళ్ళు, చాయ్, ఆగు, పోదాం."

"కేంద్రంలో చెప్పలేదా మరి?"

"ఎవ్వలు అడిగిండ్రు? చేర్చిన్నాడు 'బోల్తీ హై?' అన్నరు, మాట్లాడ్తదా అని. నహీ అన్న. కాగితం మీద గీసుకున్నరు. చేతుల సంగతి నేనెందుకు చెప్తనక్కా, అందరికి తెలుసనుకున్న. సూరత్‌ల ఉండి సాంచా తెల్వనోళ్ళు ఉంటరా?"

ఉన్నారు. మూడంతస్తుల నిండా ఉన్నారు. ఊరంతా మగ్గం చప్పుడు మీద బతుకుతుంటే, ఏసీ హాలు కిటికీలు మూసుకొని అర్థంలేని చేతి కదలికలు అని రాసుకున్నారు. ఇంకొకరి ఊసెందుకు. ఆగమని అంత స్పష్టంగా చెప్తే, ఆ చేతిని పట్టుకొని దించింది నేను.

నాలుగో రోజు: చెప్పి చూడటం

కిందివాళ్ళను కలవడం మర్నాటి సభ ఏర్పాట్ల వల్ల వాయిదా పడింది. శిక్షకుడికి చెప్పాను. ఓపికగా విన్నట్టు తల ఊపాడు. "మంచి కథ. కానీ శాస్త్రం కథల మీద నడవదు" అన్నాడు. కోపం కొండను ఏ కొలతతో గీశారని అడిగాను. టీ వేళయింది అన్నాడు.

హేతల్‌బెన్‌కు చెప్పాను. "రేపటి కార్యక్రమంలో మీ మాట లేదు, లలితాబెన్. పైగా కొరికించుకున్న మనిషి మీరే. ఆమె తరఫున మీరు మాట్లాడితే ఎవరు నమ్ముతారు?" అంది. అందులో న్యాయం ఉంది. అందుకే ఎక్కువ మండింది.

చివరికి చెప్పింది జ్యోతిబెన్‌కు. ఆమె నీళ్ళబిందె దించి, చెయ్యి ఎత్తి, "ఇట్లాగా?" అని చూపించింది. ఆ చేతినే చూసుకుంది. "రెండేళ్ళుగా నేను ఆ చెయ్యి దించుతూనే ఉన్నాను, బెన్" అంది.

అయిదో రోజు: ట్రస్టీల ముందు

శుక్రవారం పూలదండలు, షామియానా, నలుగురు ట్రస్టీలు. నర్సవ్వను ఆ ఒక్కరోజు గేటు లోపలికి రానిచ్చారు, నిర్ణయం వినడానికి. షామియానా అంచున నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

శాంత పట్టును గుమాస్తా మీద చూపించారు. ఒక ట్రస్టీ, "అసలు పేషెంటు మీద పనిచేస్తుందా?" అని అడిగాడు. శిక్షకుడికి అంతకంటే ఏం కావాలి. కుళాయి దగ్గర మగ్గులు పేరుస్తున్న సుజాతను చూపించి, మైకులో పిలిచాడు. "సుజాతా." పెరడంతా మోగింది. "సుజాతా." ఆమె అరచెయ్యి లేచింది. "సుజాతా." జ్యోతిబెన్, ఇంకో కొత్త కుర్రది వెనకనుంచి బయల్దేరారు.

నర్సవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నేను షామియానా దాటి, చుట్టూ తిరిగి, సుజాతకు కనపడేలా ఎదురుగా, మూడు నాలుగు బారల దూరంలో నిలబడ్డాను. అంతే. చేతులు కిందికి వదిలేసి ఆగాను. ఆమె వెనక జ్యోతిబెన్ కూడా ఆగింది. కొత్త పిల్ల ముందుకు పోబోతే జ్యోతిబెన్ ఆమె ముందు అరచెయ్యి ఎత్తింది.

శిక్షకుడు మైకులో, "ఎందుకు ఆగారు? రెండో దశ, రెండో దశ" అన్నాడు. ఒక ట్రస్టీ గడియారం చూసుకున్నాడు. సుజాత ఒక చెయ్యి ఎత్తే ఉంచి, రెండో చేత్తో మగ్గులు పేర్చింది. ఇంకా తొమ్మిది ఉన్నాయి. అన్నీ లెక్కపెట్టాను, వేరే పనేముంది. ఆఖరి మగ్గు పిడి సరిచేసి, చెయ్యి దించింది. నావైపు చూసి బొటనవేలు నోటి దగ్గర పెట్టింది.

నీళ్ళు ఇచ్చాను. తాగింది. లేచి, ఎవరూ ముట్టుకోకుండా, తనంతట తనే నడిచి తల్లి పక్కకు వెళ్ళి నిలబడింది.

"చూశారా, పిలుపు పనిచేస్తుంది. కొందరిలో కాస్త ఆలస్యంగా" అన్నాడు శిక్షకుడు. చప్పట్లు పడ్డాయి. నాకు పూలగుత్తి ఇచ్చి ఫొటో తీశారు. అదే పదకొండో పేజీ.

సమావేశంలో సుజాతను పంపించకుండా ఇంకో మూడు నెలలు పరిశీలనలో ఉంచాలని తేల్చారు. తర్వాత ఏమంటారో తెలియదు. నర్సవ్వకు ఆ ముక్క చెప్పి, హేతల్‌బెన్ ఫైలు తెరిచి, "అర్థంలేని చేతి కదలికలు" అన్న వాక్యం మీద పెన్నుతో అడ్డంగా గీత కొట్టింది. దాని పక్కన ఏం రాయాలో నర్సవ్వనే అడిగింది. "ఆగు, నీళ్ళు, చాయ్, పోదాం" అని నర్సవ్వ ఒక్కొక్కటి చేత్తో చూపిస్తుంటే రాసుకుంది. ఆ కేంద్రంలో ఆ తల్లిని ఎవరైనా ఏదైనా అడగడం రెండేళ్ళలో అది రెండోసారి.

సాయంత్రం రాత పరీక్ష పెట్టారు. ఇరవైకి నాకు పన్నెండు. తొమ్మిదో ప్రశ్న, మూడు పిలుపులకు పలకకపోతే ఏం చేయాలి? అక్కడ ఇచ్చిన జవాబులు వదిలేసి, "ఆ మనిషి అంతకుముందే ఏదైనా చెప్పి ఉంటే అది వినాలి" అని పక్కన రాశాను. సున్నా వేశారు. ఆ కాగితం కూడా గ్రంథాలయానికి ఇస్తున్నాను.

కృతజ్ఞతలు

బెల్లం పప్పు పెట్టి, నా గ్రంథాలయాన్ని ఎగతాళి చేసి, ఆరు రోజులు గదిలో చోటిచ్చిన సరోజకు, లక్ష్మీరాజానికి. ఉన్‌లో చాయ్ తాగించిన మెట్‌పల్లి అన్నకు, పేరు అడగడం మరిచాను. ఆగిన జ్యోతిబెన్‌కు. ఒక గీత కొట్టిన హేతల్‌బెన్‌కు, ఆ ఒక్క గీతకే. శిక్షకుడికి దండ అక్కడే పడింది, ఇక్కడ అవసరం లేదు. సాంచాల మధ్య నాకు చదువు చెప్పిన నర్సవ్వకు.

అందరికంటే ఎక్కువగా సుజాతకు. ఆమె నాకు ముందే చెప్పింది.